చల్లారాక చూడాల్సిన ముల్లు

నా వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మేనేజరు గారికి, పనులన్నీ మానుకుని వచ్చిన ఆస్పత్రి డాక్టరమ్మ గారికి, నాతో కలిసి చెమటోడ్చిన షెడ్డు వాళ్లందరికీ, ముందు వరసలో కూర్చుని "తొందరగా ముగించు" అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకీ నమస్కారం. ముప్పై రెండేళ్లు ఆక్సిజన్ సిలిండర్లు నింపినవాణ్ణి, నాకు నింపడమే తప్ప మాట్లాడటం రాదు. నోటికి వాల్వు లేదని మా ఆవిడ అంటుంది గానీ, అది ఇంటి సంగతి. (నవ్వులు)

ఇందాక మేనేజరు గారు నన్ను ఆకాశానికెత్తేశారు. ముప్పై రెండేళ్లలో ఒక్క తప్పూ చెయ్యలేదన్నారు. అయ్యా, ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్లలేను.

మా పని తెలియని బంధువులున్నారు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. సైకిలు పంపు గట్టిగా కొట్టి దాని అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంటుంది చూశారా, సిలిండర్లోకి గాలి కుక్కుతున్నప్పుడు కూడా అలాగే లోపల వేడెక్కుతుంది. ఇనుము ఎక్కడ సాగుతుంది? చోటు పెరగదు, వేడికి ఒత్తిడి పెరిగి గేజి ముల్లు ఎక్కువ చూపిస్తుంది. మర్నాటికి చల్లారితే దిగిపోతుంది. గాలి ఎక్కడికీ పోదు, దాని పొగరు పోతుంది, అంతే. అందుకే చల్లారాక ముల్లు నూట యాభై చూపాలంటే వేడి మీద నూట అరవై రెండు దాకా నింపుతాం. నింపినవాడు ఆ వేడి అంకెను సుద్దముక్కతో సిలిండర్ భుజం మీద రాస్తాడు. మర్నాడు పొద్దున తనిఖీ చేసేవాడు దాని కింద చల్లటి అంకె రాస్తాడు. రెండో అంకె లేనిదే సిలిండర్ గేటు దాటకూడదు.

ఆ రెండో అంకె రాసేది మా బావ. చుట్టరికమేమీ లేదు, చేరిన మొదటి రోజే "ఏం బావా, వేడి ముల్లుని నమ్మేస్తున్నావా?" అని నవ్వాడు, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. అదుగో, వెనక వరసలో తలుపు పక్కన కూర్చున్నాడు. తిరిగి చూడకండి, సిగ్గుపడతాడు. (నవ్వులు)

పదకొండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది, ఆస్పత్రి లారీ వచ్చి హారన్ల మీద హారన్లు కొడుతోంది. తొందరలో నేను వేడి మీదే నూట యాభై దగ్గర ఆపేశాను. బావ భోజనానికి వెళ్లాడు. అతను వస్తే చల్లారనివ్వమంటాడని తెలుసు. అందుకని రెండో అంకె కూడా నూట యాభై అని నేనే రాసేశాను, అచ్చం అతను రాసినట్టే, ఐదుకి పొడుగు తోక పెట్టి మరీ. తెల్లారేసరికి ఆస్పత్రిలో ముల్లు నూట ముప్పై తొమ్మిది చూపించింది. వాళ్ల దగ్గర వేరే నిల్వ ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఎవరు రాశారని అప్పటి ఆఫీసరు నిలదీశారు. బావ ఆ అంకె వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను. "నాదేనండీ" అన్నాడు. శిక్షగా రెండేళ్లు గేటు కాపలాకి వేశారు అతన్ని.

తిరిగి షెడ్డుకి వచ్చాడు గానీ నాతో మాట మాత్రం తిరిగి రాలేదు. నేను సాయంత్రం ఒక అంకె రాస్తే, అతను పొద్దున దాని కింద ఒక అంకె రాసేవాడు. తొమ్మిదేళ్లుగా మా ఇద్దరి మాటలూ అవే. డ్యూటీ పదింటికైతే ఎనిమిదికే ఎందుకు పరిగెడతావని మా ఆవిడ పోట్లాడేది. ఆ పొడుగు తోక ఐదుని లారీ ఎక్కేలోపు చూసుకోవడానికే. ఒక్క "బావా" అన్న పిలుపు కోసం మొహం వాచిపోయానండీ. పక్క బల్ల దగ్గర అన్నం తింటున్న మనిషి మీద అంత బెంగ పెట్టుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

నిన్న నా ఆఖరి సిలిండర్ నింపి నూట అరవై రెండు అని రాశాను. ఈ పొద్దున వెళ్లి చూస్తే దాని కింద ఏమీ లేదు. అతను రాయకపోవడం ఇదే మొదటిసారి. బావా, అందరి ముందూ చెబుతున్నాను, ఆనాటి రెండో అంకె నేను రాసిందే. నీ రెండేళ్లు నేను తిరిగి ఇవ్వలేను. క్షమించమని అడగడం కూడా ఆలస్యమే. ఆ సిలిండర్ మీద నీ అంకె చోటు మాత్రం అలా ఖాళీగా...

(వెనక వరసలోంచి: "నూట యాభై! ఈసారి నోటితో చెబుదామని రాయలేదు. సరిగ్గా నూట యాభై, బావా!")

(చాలాసేపు చప్పట్లు)

విన్నారు కదండీ. ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ దండాలు. మేనేజరు గారూ, మిగతా పొగడ్తలు అతనికి చెప్పండి. నేనిప్పుడు వెనక వరసకి వెళ్లి కూర్చోవాలి. సెలవు.