కారు పట్టిన కుక్క పెట్టె

హెర్బ్ కొట్టులో రెండు కుక్క పెట్టెల ముందు కొరీనా ఎటూ తేల్చుకోలేక నిలబడింది. చంకలో ఉన్న కుక్కపిల్ల ఆమె కోటు బొత్తాం నములుతోంది. చిన్న పెట్టె ఇప్పటికి సరిపోతుంది, పెద్దది పిల్ల ఎదిగాక పనికొస్తుంది, కారులో ఒక్కదానికే చోటు. పోయిన వారం ఈ పిల్ల నడుస్తున్న కారులో ఆమె మీదికి దూకితే బండి రోడ్డు దిగి పొదల్లోకి పోయింది. "రేపు సెయింట్ జాన్స్ పట్నం దాకా ఇది పెట్టెలో బుద్ధిగా కూర్చుంటే మనది. లేదంటే తెచ్చిన చోటే ఇచ్చేసి వద్దాం" అని చెప్పి పంపాడు మొగుడు. ఇచ్చేయడానికి ఆమెకి మనసు రావడం లేదు. అందుకని పొయ్యి పక్కన కూర్చుని డబ్బా పాల టీ తాగుతున్న లొయోలా బాబాయ్‌ని సలహా అడిగింది. కొట్టు యజమాని హెర్బ్ కళ్ళతోనే వద్దని సైగ చేశాడు గానీ ఆమె చూసుకోలేదు. బాబాయ్ పక్కన ఆయన భార్య బ్రైడ్ పిన్ని మేజోళ్ళు అల్లుకుంటోంది.

"కుక్క పెట్టె సంగతి నన్నడిగావు, మంచి పని చేశావమ్మాయ్. మా కుక్క అడ్మిరల్‌కి పెట్టె నా చేతుల్తో నేనే కట్టాను, ఒక్క సాయంత్రంలో. అప్పట్లో కాడ్ చేపలు దండిగా పడేవి. రేవంతా ఉప్పు చేపల వాసన, ఆరబెట్టిన చేపల మధ్య పిల్లల పరుగులు, పడవల మీంచి పడవల మీదికి పాటలు, అవన్నీ ఇప్పుడెక్కడివిలే. చేపల పెట్టెల చెక్కలు పీకి, ఇదిగో ఈ బల్లంత పెట్టె చేసి, పాత ఫోర్డు వెనక సీటులో పెట్టాను. కుక్కపిల్ల దూరి పడుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి చూస్తే తోక బయట ఉంది."

"రాత్రికి రాత్రేనా?" అన్నాడు హెర్బ్.

"ఆ రోజుల్లో చేప తిన్న కుక్క ఎలా ఎదిగేదో నీకేం తెలుసయ్యా, నువ్వప్పటికి పుట్టనే లేదు. సరే, రెండు చెక్కలు కలిపాను. ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చేసరికి అవీ చాల్లేదు. వెనక సీటు పీకేశాను. మర్నాడు ముందు సీటు కూడా పీకేశాను."

"మరి తోలేదెక్కడ కూర్చుని బాబాయ్?" అంది కొరీనా.

"దాని మెడ మీద కూర్చుని. కాళ్ళతో తిప్పేవాణ్ణి స్టీరింగు. ఆ తర్వాత కారు పైకప్పు కోసేశాను, దాంతో దాని వీపు మీద వాన పడుతూనే ఉంది. అప్పుడు వెలిగింది నా బుర్రలో. కారులో పెట్టె పట్టనప్పుడు, పెట్టెలో కారు పెడితే పోలే? పాత పడవలు విప్పించాను, చర్చి ఫాదర్ గారు పాత బెంచీలన్నీ ఇచ్చారు, ఊరు ఊరంతా వచ్చి మేకులు కొట్టింది, ఆడవాళ్ళు టీలు మోస్తూనే ఉన్నారు. పెట్టె లోపల కారు, కారులో మీ పిన్ని, ముందు తాడు కట్టుకుని అడ్మిరల్."

"నేనా?" అంది బ్రైడ్ పిన్ని, అల్లిక మీంచి కళ్ళెత్తకుండా.

"నువ్వే. ఆ నీలం కోటు వేసుకున్నావు. ఎంత బావున్నావో ఆ వేళ. మీ చెల్లెలి పెళ్ళికి బయల్దేరాం కదా. అఖాతం దగ్గర బల్లకట్టు వాడు ఎక్కించుకోనంటే అడ్మిరల్ ఆగిందా, దిగింది నీళ్ళలోకి. పెట్టె, కారు, పిన్ని, పెళ్ళి కేకు, అన్నీ వెనకాలే. పొగమంచులో ఏదో పెద్ద ఓడ వస్తోందనుకుని దీపస్తంభం కాపలావాడు బూర ఊదాడు. ఎదురుగా మంచుకొండ. అడ్మిరల్ తప్పుకోలేదు, కొండే తప్పుకుంది. ఒడ్డెక్కి ఒక్కసారి ఒళ్ళు దులిపింది చూడూ, అవతల ఊళ్ళన్నిట్లో ఆరిన బట్టలు మళ్ళీ తడిసిపోయాయి."

కొరీనా నవ్వలేదు. పిల్లని కిందికి దించి దాని పాదాలు చూసింది. ముంగాళ్ళు లావుగా ఉన్నాయి.

"అయితే ఈ పెద్దది కూడా చాలదన్నమాట" అంది మెల్లగా. "పెట్టె కొని కూడా ఇచ్చేయాల్సి వస్తే... ఇప్పుడే ఇచ్చేయడం నయమేమో."

బ్రైడ్ పిన్ని సూదులు ఒళ్ళో పెట్టింది.

"లొయోలా, అమ్మాయి ఏడ్చేలా ఉంది, ఇక చాలించు. అమ్మాయ్, అడ్మిరల్ ఎదగనే లేదు. ఎలుగుబంటంత అవుతుందని చెప్పి రేవులో ఎవడో అంటగట్టాడు. ఈయన నమ్మి, కారు వెనకంతా నిండేలా పెట్టె కట్టాడు. అదేమో నా నూలు బుట్టకి మించి పెరగలేదు. మలుపొచ్చినప్పుడల్లా ఈ చివర్నుంచి ఆ చివరికి దొర్లేది. మా చెల్లెలి పెళ్ళికి పోతుంటే, పాపం ఏడుస్తోందని నీలం కోటు దాని కింద పరిచాను. దాని మీదే కక్కింది. అప్పుడీయన బండి ఆపి, ఒక చెక్క పలక తెచ్చి పెట్టెకి అడ్డంగా కొట్టాడు. దాని ఒంటికి సరిపడా మూల మిగిలింది. ఇంక ఊరొచ్చేదాకా లేవలేదు."

బాబాయ్ కప్పులో ఇంకాస్త టీ పోసుకున్నాడు.

"పెద్దదే తీసుకో" అంది పిన్ని. "లేచి నిలబడి, ఇటు తిరిగి పడుకునేంత చోటు వదిలి పలక బిగించు. ఎదిగే కొద్దీ వెనక్కి జరుపు. పెట్టె కదలకుండా పట్టీతో గట్టిగా కట్టు. అంతే."

హెర్బ్ అప్పటికే వెనక గదిలో పలక వెతుకుతున్నాడు. కొరీనా పిల్లని మళ్ళీ చంకకెత్తుకుంది.

"ఎదక్కపోతేనో పిన్నీ?"

"ఎదక్కపోతే పలక అక్కడే ఉంటుంది. అది బతికున్నన్నాళ్ళూ మేం జరపలేదు."

"ఏటా ఒకసారి జరిపి చూసేవాణ్ణి" అన్నాడు బాబాయ్, తనలో తనే అనుకుంటున్నట్టు. పిన్ని వైపు తిరిగాడు. "గొంతు మాత్రం పెద్దదే కదే దానికి."

పిన్ని సూదులు తీసుకుంది గానీ అల్లలేదు.

"అది నిజమే" అంది.