కెమెరా మూత

ఉపగ్రహ కేంద్రంలో ఇంటర్న్‌షిప్‌కి అక్కాచెల్లెళ్ళిద్దరూ దరఖాస్తు పెడితే, పిలుపు చెల్లెలికే వచ్చింది. ఆమె పెట్టె సర్దుకుంటుంటే అక్కకి కడుపు మండిపోయింది.

"మార్కులు నాకే ఎక్కువ. ఏం చూసి తీసుకున్నారే నిన్ను?"

"దరఖాస్తులో 'మీరు చేసిన ఒక తప్పు రాయండి' అన్నారు కదక్కా, ఆ జవాబు నచ్చిందట."

"ఏం రాశావేంటి?"

"మనం కెమెరా కట్టి ఆకాశంలోకి పంపిన బెలూన్ సంగతే. కెమెరాకి మూత తియ్యకుండా వదిలితే, రెండు గంటలు చీకటినే ఫోటోలు తీసుకొచ్చింది కదా."

"మూత మర్చిపోయింది నేను కదే!"

"నీ పేరెందుకని, నేనే మర్చిపోయానని రాశాను."

"అంటే నా తప్పుతో సీటు కొట్టేశావన్నమాట!"

"మరి నువ్వేం రాశావక్కా?"

అక్క, మడతపెట్టి ఉన్న చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"నేను ఏ తప్పూ చెయ్యలేదని రాశాను."