దోవ చూపినోని వేషం

ప్రొద్దుటూరులో మున్వర్ బట్టలు కుట్టే అంగడి. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి నారాయణరెడ్డి వచ్చి కూర్చున్నాడు. మరుసటి రోజు ఆ పల్లెలో, తెల్లదొరలతో పోరాడి చనిపోయిన పాలెగాని కథను ఏటా ఆడే యుద్ధం ఆట.

“వేషం కట్టనని ఫోన్లోనే చెప్పినా గదా మామా. ఇంత ఎండలో మళ్లా ఏంటికొచ్చినావు?”

“ఫోన్లో చెప్పేది లెక్కగాదు లే మున్వరూ. టీ తెప్పియ్.”

“తెప్పిస్తా. తాగి పో. ఆ వేషం మాత్రం నేను కట్టను.”

“మీ దాదా కట్టినాడు. మీ నాయన కట్టినాడు. నువ్వు కువైట్‌లో ఉన్నప్పుడు గూడా సెలవు పెట్టి వచ్చి మరీ కట్టినావు. ఈ ఏడు ఏమొచ్చింది నీకు?”

“మా సమీరా బడికి పోవడం ల్యాదు.”

“ఏం, ఒళ్లు బాగల్యాదా?”

“ఒళ్లు బాగనే ఉంది. పోయినేడు ఆటను నీ కొడుకు పవన్ సెల్లులో తీసి యూట్యూబ్‌లో పెట్టె గదా?”

“పెట్టినాడు. శానామంది చూసినారంట.”

“దాని బళ్లో పిల్లోల్లు గూడా చూసినారు. తెల్లోల్లకు మేకల దోవ చూపించి మనోల్లను చంపిచ్చినోని బిడ్డ అని పిలుస్తాండారంట. బెంచీలో దీని పక్కన ఎవురూ కూర్చోరంట.”

“అది ఆట అని చెప్పల్యాదా ఆ పిల్ల?”

“చెప్పింది. మీ తాత గూడా అదే వేషమంట గదా, మీ ఇంటోల్లే ద్రోహులు అన్నారంట. ఇంటికొచ్చి, ‘నాయనా, దోవ చూపించింది నిజంగా మనోల్లేనా?’ అని అడిగె. నేనేం చెప్పల్ల మామా?”

“పిల్లోల్లు. మర్చిపోతారు లే.”

“వాళ్లు మర్చిపోతారు. ఇది మర్చిపోతాదా?”

“రేపు ఎమ్మెల్యే వస్తాండాడప్పా. ఏటికాడ యుద్ధానికి పులివెందుల నుంచి గుర్రాలు తెప్పిస్తాండాం. కనుమకాడ యుద్ధానికి బాణసంచా గూడా పెట్టినాం. దోవ చూపినోడు ల్యాకుంటే తెల్లోల్లు కొండ యాడ నుంచి ఎక్కుతారు? పాలెగాడు ఎట్ల సస్తాడు? ఆట ఏటికాడనే నిల్చిపోతాది.”

“నిల్చిపోనీ. ఏటికాడ మనమే గెలిచినాం గదా. ఆడనే మంగళం పాడండి.”

“తమాషా లాడొద్దు.”

“ఐతే పవన్‌తో కట్టియ్.”

“వాడు ఈ ఏడు పాలెగాడు గదా.”

“మీ తమ్ముని కొడుకు, వివేక్?”

“వాడు తెల్లదొర.”

“దొర వేషం కడతారు గానీ ఈ వేషం కట్టరా మీ ఇంట్లో? ఐతే నువ్వు కట్టు.”

“మా ఇంట్లో కట్టగూడదు.”

“ఏంటికి?”

“కట్టగూడదంతే. మా నాయన ఒట్టేయించుకున్నాడు.”

“దొరకు ల్యాని ఒట్టు దీనికేంటికి?”

“టీ సల్లారిపోతాంది మున్వరూ.”

“సల్లారనీ. ఆటలో అందరికీ పేర్లుండాయి. గుర్రానికి గూడా పేరుంది. దోవ చూపినోనికి పేరే ల్యాదు. ఏంటికి మామా?”

“నీకెందుకులే అవన్నీ.”

“ఆటలో జనం ఏసే పేడ పడేది నా మొగం మీద. నాకు గాక ఎవురికి?”

“వేషం ఇప్పినాక నీ కాళ్లు ఎవురు కడుగుతారు?”

“నువ్వే. అంతకు ముందర మీ నాయన. కాళ్లు కడిగి, ఆకేసి, మీ చేత్తోనే వడ్డిస్తారు. రెడ్డి నా కాళ్లు కడిగినాడని మా నాయన సచ్చేదాకా చెప్పుకున్నాడు. అంత మర్యాద ఊర్లో ఇంకెవురికీ ల్యాదు అనేటోడు.”

“అది మర్యాద గాదప్పా.”

“మరేంది?”

“వదిలెయ్ లే.”

“తలకాయ ఎత్తు మామా. మరేంది?”

“ఆ దోవ చూపించింది మా ఇంటోడు. మా ముత్తాతకు తాత.”

“ఏందీ?”

“భూమి ఇస్తామని దొర ఆశ పెట్టినాడంట. మేము ఇప్పుడు దున్నుకునే నల్లరేగడంతా అదే. ఆట మొదలుపెట్టినప్పుడు మా తాత పోయి మీ దాదాను బతిమలాడినాడు, ఈ వేషం నువ్వు కట్టు అని. ఏంటికో చెప్పలే. మీరు కట్టినంతకాలం జనం మా ఇంటి దిక్కు చూడరని. మా ఇంట్లో పెద్ద కొడుక్కు మాత్రం చెప్తారు, ఆ కాళ్లు ఏంటికి కడగల్లనో.”

“అంటే నా బిడ్డను అంటాండే మాట…”

“మా బిడ్డలను అనాల్సింది.”

“సిగ్గు ల్యాదా మామా?”

“శానా ఉంది. నేను నీళ్లు పోస్తాంటే మీ నాయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి ‘సల్లగుండు రెడ్డీ’ అనేటోడు. ఆ పొద్దు నాకు ముద్ద దిగేది గాదు.”

“ముద్ద దిగకున్నా మరుసటేడు మళ్లా పిలుస్తివి గదా.”

“పిలిచినా.”

“ఇప్పుడు గూడా పిల్చనీకే వచ్చినావు.”

“ఔ. దానికే వచ్చినా. నీ బిడ్డ సంగతి ఇన్నాక ఇంగ నోరు రావడం ల్యాదు. మున్వరూ, ఈ తూరి ఆ వేషం నేనే కడతా.”

“నువ్వా?”

“నేనే. ఒట్టు పోతే పోనీ. పేడ ఏసినా, చెప్పులేసినా నిలబడతా. మా మీద పడాల్సిందే గదా.”

“నిజంగానా మామా? ఐతే సమీరాను తీసుకొస్తా. ముందర వరసలో కూర్చోబెడతా. దాని కండ్లతో అది చూడల్ల.”

“సమీరానా…”

“ఔ. మున్వరోల్లు కట్టే వేషం ఈ ఏడు రెడ్డి ఏంటికి కట్టినాడని జనం అడుగుతారు గదా. ఎమ్మెల్యే గూడా అడుగుతాడు. మైకు నీ చేతికిస్తారు. ఏం చెప్తావు మామా?”

“అడుగుతారు… ఔ, అడుగుతారు.”

“అడిగితే?”

“నీకు జరమొచ్చిందని చెప్తా. రేపొక్క దినం నువ్వు గానీ, బిడ్డ గానీ ఊరి దిక్కు రావద్దు.”