ఆరేసిన పైజామా కొలత

ఏమిటే తల్లీ, పొద్దుట్నించీ ఆ ఫోనుకి అతుక్కుపోయావు? సైకిలా? ఫ్రేము ఒకచోట, చక్రాలు ఇంకోచోట కొని నువ్వే బిగించుకుంటావా! అచ్చం మీ తాతయ్యవే. ఏదీ, ఇలా చూపించు. ఎర్రది బావుంది గానీ, రంగు చూసి ఫ్రేము కొనకూడదే. తన సైకిళ్ళ కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ మీ తాతయ్య అదే పాట. "చక్రం నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చయ్యా, ఫ్రేము కొలత తప్పిందా, నడుం నీది, నొప్పి నీది" అనేవారు. మనిషిని గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ళ మధ్య లావుపాటి పుస్తకం పెట్టించి, అక్కణ్ణించి నేలదాకా టేపు. చెప్పులు విప్పందే ఊరుకునేవారు కాదు. ఎంత పెద్ద ఆఫీసరైనా విప్పాల్సిందే.

అలాంటి మనిషి ఏం చేశారో తెలుసా? పెళ్ళయిన రెండో ఏడు నాకూ ఓ సైకిలు కట్టాలనుకున్నారు. మామూలుది కాదే, తనదాని లాంటిదే, వంగిన హ్యాండిలుది. పొద్దున్నే ఇద్దరం కలిసి వంతెన దాకా వెళ్ళాలని. ఎవరికీ చెప్పలేదు. అత్తగారూ మామగారూ బావగారూ అందరూ ఉన్న ఇల్లాయె. ఊరందరి కాళ్ళూ కొలిచిన మనిషి, కట్టుకున్నదాని కాలికి టేపు పెట్టడానికి సిగ్గుపడి చచ్చారు. పెరట్లో తీగ మీద పంజాబీ డ్రెస్సు పైజామా ఆరేసి ఉంటే, నాదనుకుని దాన్ని కొలుచుకుని పోయారు. అది నాది కాదే! మా తోడికోడలిది. ఆవిడెంత పొడుగనీ, తలొంచుకుంటే గానీ గుమ్మం దాటేది కాదు. చక్రాలు మాత్రం ఎంత ముచ్చటగా కట్టారనీ! "సన్న రిమ్ములు చూట్టానికే, మన గుంతలకి నిలవవు" అని గట్టివి తెచ్చి, ఒక్కో స్పోకూ బిగించి, గోటితో మీటి, చెవి ఆనించి విని... నెల పట్టిందట. తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. ఎక్కానా, కాళ్ళు నేలకి అందవు. "ఒరేయ్, కోడలికి సైకిలు తెచ్చావా, నిచ్చెన తెచ్చావా?" అన్నారు మామగారు. తోడికోడలు ఎక్కితే అతికినట్టు సరిపోయింది! అప్పుడు బయటపడింది పైజామా సంగతి. ఇల్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వు, నువ్వూ నవ్వు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా పక్కకొచ్చి, "చిన్న ఫ్రేము తెస్తాను, ఈ చక్రాలే దానికీ పడతాయి" అన్నారు మెల్లిగా. నాకేమో పౌరుషం, నలుగురిలో నవ్వులపాలయ్యానని. "నాకు సైకిలూ వద్దు, మీ షికారూ వద్దు" అనేశాను. ఒక్కసారేనే అన్నది. ఆయన మళ్ళీ అడగలేదు, నేనూ తెమ్మనలేదు. తోడికోడలు ఆ సైకిలు మీద ఇరవయ్యేళ్ళు ఉద్యోగానికెళ్ళింది.

ఆయన రోజూ ఒక్కరే వెళ్ళేవారు. వెళ్ళేముందు వాకిట్లో పంపు చప్పుడు. కొట్టడం, ఆగడం, స్స్‌మని గాలి వదిలెయ్యడం, మళ్ళీ కొట్టడం. "నిండిన టైరుకి ఎంతసేపండీ, చాదస్తం కాకపోతే" అని వంటింట్లోంచి విసుక్కునేదాన్ని. ముప్పయ్యేళ్ళు విన్నానే ఆ చప్పుడు. ఆయన పోయాక ఓ పొద్దున, వాకిలంతా నిశ్శబ్దంగా ఉంటే, పొయ్యి దగ్గర నిలబడే ఉన్నాను, అప్పుడు తట్టింది. అది టైరు కోసం కాదే. నేను బయటికొస్తానేమోనని ఆశ. పది అడుగులైనా లేవు, వంటింటికీ వాకిలికీ...

లే, లేచి స్నానానికి పో. నీళ్ళు చల్లారిపోతున్నాయి.