రెండు చేతులతో నొక్కాను

హలో… ఆ, నేనే. పొద్దున కూడా నేనే చేశాను, మీరు కట్ చేశారు… ప్రసూతి వార్డు నర్సునండీ. ఆ రోజు బాబుని గుడ్డలో చుట్టి మీ చేతికిచ్చింది… ఆ, నేనే.

…లేదు లేదు, మీ ఆవిడ బాగానే ఉంది. ఇవాళ లేచి కూర్చుంది. నాలుగు చెంచాలు పాలు తాగింది.

ఒక్క ఐదు నిమిషాలు వినండి. దుప్పట్లు పెట్టే గదిలోంచి మాట్లాడుతున్నాను. తలుపేసుకున్నాను.

…డాక్టరమ్మ మీకేం చెప్పారు?

…ఊఁ… "తల్లి సరిగ్గా ముక్కలేదు, గర్భసంచి బలహీనం"… అంతేనా?

అది అబద్ధం.

…చెబుతాను. మధ్యాహ్నం రెండు దాటింది. బిడ్డ తల కిందికి దిగడం లేదు. నొప్పుల మందు ఎక్కిస్తూనే ఉన్నాం. ఆపరేషన్ చేద్దామంటే మత్తు డాక్టరు లేరు. "స్టూలెక్కి నొక్కు" అన్నారు డాక్టరమ్మ. ఎక్కాను.

…పొట్ట మీదండీ. పైనుంచి, రెండు చేతులతో… నా బరువంతా వేసి.

…ఐదుసార్లు.

…తెలుసు. చేయకూడదని చదువుకునేటప్పుడే చెప్పారు. పన్నెండేళ్లుగా చేస్తూనే ఉన్నాను. బిడ్డ బయటపడేది. నా హస్తవాసి మంచిదనేవాళ్లు అందరూ. నేనూ నమ్మేశాను.

…మూడోసారికి మీ ఆవిడ నా మణికట్టు పట్టేసుకుంది. "ఆపక్కా, లోపల ఏదో తెగింది" అంది.

నేను… "ఓర్చుకో, అయిపోవచ్చింది" అన్నాను. ఇంకో రెండుసార్లు నొక్కాను.

…హలో?… హలో, ఉన్నారా?

…తిట్టండి… తిట్టండి, వింటున్నాను…

…ఆ. అప్పుడే చిరిగింది గర్భసంచి. బాబుకి ఊపిరి అందలేదు. మత్తు డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాక, డాక్టరమ్మ కడుపు కోసేసరికి… సంచి తీసేయకపోతే ఆవిడ కూడా దక్కేది కాదు.

…లేదు. కేస్ షీట్లో ఎక్కడా లేదు. నొక్కినట్టు ఒక్క ముక్క లేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టలేదు. జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసి, ఇందాకే సూపరింటెండెంటుకి ఇచ్చొచ్చాను. మీకూ ఒక కాపీ తీసి ఉంచాను.

…ఉద్యోగమా… పోతే పోనీండి.

…అందుకు కాదండీ ఫోన్ చేసింది. క్షమించమనడానికీ కాదు. మీ ఆవిడ… నాలుగు రోజులుగా మంచం దగ్గరకొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతోంది, తప్పు నాదే, గట్టిగా ముక్కలేకపోయాను అని. ఊడ్చే ఆవిడని కూడా ఆపి చెప్పింది. మీరు రాకపోయేసరికి, ఇక తన మొహం చూడరని ఖాయం చేసేసుకుంది.

…చెప్పానండీ! ముందు తనకే చెప్పాను, నిన్న. నా చెయ్యి నిమిరి, "నన్ను ఓదార్చడానికి మీరెందుకక్కా నింద మోస్తారు" అంది.

మీరు చెబితే నమ్ముతుంది.

…ఏంటీ?… మీ తప్పా? ఎవరన్నారు?

…అయ్యో, కాదండీ. "కోత వద్దు, ఇంకాస్త చూద్దాం" అని మీరన్నా అనకపోయినా, ఆ పూట కోసే దిక్కు లేదు. మిమ్మల్ని అడిగింది మాటవరసకే. మీ మాటకి బాబు పోలేదు.

…వింటున్నారా? మీ మాటకి కాదు.

…ఏడవండి. లైన్లోనే ఉంటాను.

…

…ఆ హారన్… మీ దగ్గరా? ఇక్కడ కిటికీలోంచి కూడా అదే— మీరెక్కడున్నారు?

…గేటు పక్కనా? నాలుగు రోజులూనా?

…పైకి రండి. రెండో అంతస్తు, చివరి మంచం. ఎవరూ ఆపరు, రండి.

…నేనా? ఇద్దరి ముందూ?… మళ్లీ మొత్తం?

…ఆ. ఐదుసార్లని కూడా చెబుతాను. ఆపమన్నా ఆపలేదనీ చెబుతాను… రండి. మెట్ల దగ్గర నిలబడతాను. పెట్టేస్తున్నాను.