గ్యారేజీ గోడ చెమట

అయ్యో, ఆ గోడకి ఆనుకోకు బావా! చూశావా, చొక్కా వెనకంతా తడిసిపోయింది. రోజూ ఇదే వరస. పొద్దున తుడుస్తా, ఎండెక్కేసరికి ఆరుతుంది. సాయంత్రం కారు లోపల పెట్టి షట్టర్ దించానో లేదో, మళ్ళీ మొదలు.

కూర్చో. ఆ స్టూలు కుంటుతుంది గానీ పడెయ్యదులే.

తెలుసు బావా, ఎందుకొచ్చావో తెలుసు. మీ చెల్లెల్ని తీసుకెళ్ళడానికొచ్చావు. పైన బీరువా తలుపు చప్పుడు వినపడుతూనే ఉంది, సర్దుకుంటోంది. "ఉండమంటాడో పొమ్మంటాడో ఆయన్నే ఒక్క మాట అడిగి రా" అంది. అంతేగా? అడిగావు. చెప్తాను. నీళ్ళు నమలడం లేదు, ముందు ఈ మిషన్ చూడు.

కుట్టుమిషన్. చివరింటి టైలరమ్మది, రిపేరుకిచ్చింది. నూనె వేసి, గుడ్డ చుట్టి ఆ బల్ల మీదే పెట్టాను. విప్పి చూస్తే సూది కడ్డీ నిండా తుప్పు! "బాగుచెయ్యమని ఇస్తే పాడుచేసి ఇస్తావా" అని వీధంతా వినేలా గడ్డి పెట్టింది. ఇన్నేళ్ళ పనిలో ఒకరి చేత మాట పడ్డవాణ్ణి కాదు.

అందుకే, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకుందామని ఓ రోజు ఇక్కడే మడత మంచం వేశాను. దొంగ కోసం కాపు కాసినట్టు. అప్పట్నుంచీ పడక ఇక్కడే. అంతే బావా, గొడవపడి దిగలేదు, ఒట్టు. గొడవంటూ పడుంటే సర్దిచెప్పడానికి నీకూ ఓ కొస దొరికేది.

వాన తడి అనుకున్నా. షట్టర్ కింద రబ్బరు పట్టీ వేశా. కిటికీ సందులకి టేపు అంటించా. ఆ పైన వెంటిలేటర్ ఉందే, దాంట్లో పాత దుప్పటి ముక్క కుక్కా. చీమ దూరే సందు లేదు. చెమ్మ తగ్గిందా? రెట్టింపయింది!

మీ చెల్లెలు మొదట్లోనే చెప్పింది. "బయటి తడి కాదది, లోపలిదే. వేడి కారు, తడి టైర్లు, పైగా నువ్వు. గాలి పోయే దారి లేక చల్లటి గోడ మీద నీళ్ళవుతోంది. ఆ కిటికీ తీసి, పైకొచ్చి పడుకో" అని. నా చెవికెక్కితే కదా! ఇక్కడ పని చేసేది నువ్వా నేనా అన్నాను. ఆ తరవాత ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. గ్యాస్ అయిపోయిందనో, కరెంటు పోయిందనో.

పైకెందుకు వెళ్ళలేదంటావా?

వెళ్ళాను. ఓసారి సగం మెట్లెక్కాను. తను ఫోన్లో ఎవరితోనో నవ్వుతోంది, హాయిగా. నేనుండగా అలా నవ్వి ఎంత కాలమైందో. వెనక్కొచ్చేశా. నేను కింద ఉంటేనే తనకి సుఖమని నాకు నేనే తేల్చేసుకున్నా. అడగలేదు. అడిగితే అవునంటుందేమో కదా?

పోనీ ఇక్కడైనా ప్రాణానికి హాయిగా ఉందా? కుక్కిన దుప్పటి ముక్క పొద్దున లేచేసరికి కింద పడుంటుంది. ఎన్నిసార్లు పెట్టినా అంతే! ఏదో దిక్కుమాలిన పిల్లి పని అనుకున్నా. తిట్టుకుంటూ ఇంకా గట్టిగా కుక్కేవాణ్ణి. మొన్న ఒళ్ళు మండి, చెక్క అడ్డంపెట్టి మేకులు కొట్టేశా. దెబ్బకి వదిలింది.

ఏంటీ?

మళ్ళీ చెప్పు.

పెరట్లోంచి... చీపురు కర్రతో తోసేసేదా? తనా?

నాకు ఊపిరాడదేమోనని. ఊఁ. అయితే పిల్లి కాదన్నమాట.

ఒక్క మాట చెప్పచ్చుగా బావా? చెప్పింది, అవును. మొదట్లోనే చెప్పింది. నేనే కదా నోరు మూయించాను.

మేకులు కొట్టిన రోజేనా నీకు ఫోన్ చేసింది? వచ్చి తీసుకెళ్ళమని?

లేదు లేదు, అది పిల్లికి కొట్టాను బావా! తనకి కాదు. తన మొహానే తలుపేశాననుకుందా? అనుకోదూ మరి. నేనైనా అలాగే అనుకుంటా.

అవును, వెళ్ళి చెప్పాలి. నువ్వు చెప్తే బాగోదు, నేనే చెప్పాలి. ఎంతసేపు, ఒక్క మాట. వెళ్ళకు అనాలి. నోటిదాకా వస్తోంది, అక్కడే ఆగిపోతోంది.

అలా చూడకు. ఇందాకట్నుంచీ నేనూ చూసుకుంటున్నా, లోపల ఏదైనా కదులుతుందేమోనని. ఏడుపో, కోపమో, కనీసం సిగ్గో. ఏదీ రావట్లేదు. నన్నెవరో బాగా ఉతికి, పిండి, పక్కన పడేసినట్టుంది.

అదిగో, మెట్ల మీద బ్యాగు చక్రాల చప్పుడు. దిగుతోంది.

లేస్తున్నా. లేస్తా, ఉండు.

నిజం చెప్పనా బావా? నాకు ఆకలేస్తోంది. మనిషి వెళ్ళిపోతుంటే నాకు ఆకలేస్తోంది. ఇదొక్కటి తనకి చెప్పకు.

నా మొహం ఏం చూస్తావ్, వెళ్ళు. వెళ్ళి ఆ బ్యాగు అందుకో. పాపం, ఒక్కతే మోసుకొస్తోంది.