ఆళ్లగడ్డ గిటారుకు ఆనందరావు చేసిన వైద్యం

నంద్యాలలో రేడియోలు బాగుచేసే ఆనందరావు కావాలంటే అతని అంగడికి పోకూడదు, బస్టాండు పక్కన రామయ్య టీ అంగడికి పోవాలి. ఆ సంగతి తెలియక శాంతమ్మ తాళం వేసిన తలుపు ముందర ఎండలో చాలాసేపు నిలబడి, చివరికి పక్కంగడివాళ్ళు చెబితే ఇక్కడికొచ్చింది.

ఆమెది ఆళ్లగడ్డ. వాళ్ళ నాయన ఒకప్పుడు గుంతకల్లు రైల్వే బ్యాండులో వాయించిన పాత కరెంటు బేస్ గిటారు ఇంట్లో ఉంది. నాయన పోయినాక ఎవరూ నేర్పకుండానే దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేర్చుకుంది. ఈ మధ్య తీగ మీటితే చాలు జర్రుమంటోంది. ఈస్టరు ఆరాధనలో ఆడపిల్ల వాయించేదేందని సంఘపెద్దలు మొగం చిట్లించి, చివరికి "ఆ జర్రు పోతే వాయించు, పోకుంటే ఇంగెప్పుడూ అడగొద్దు" అన్నారు. గిటారును పాత చీరలో చుట్టి, మూటంతా దబ్బనంతో కుట్టి, జర్రు సంగతి చెప్పమని కండక్టరు చేతికిచ్చి ఆనందరావుకు పంపి నెలయింది. ఈస్టరు ఎల్లుండి.

ఆనందరావుకు ఆమె మొగం తెలీదు. మూట మాత్రం బెంచీ మీద అతని మోచేతి కిందే ఉంది. పనయినాక మళ్ళీ కుట్టినాడేమో అనుకుని, కాస్త కుదుటపడి, టీ చెప్పి ఓ పక్కన నిలబడింది.

"విశ్వాసం లేదప్పా జనాలకి!" అంటున్నాడు ఆనందరావు, గ్లాసు బెంచీకేసి కొట్టి. "ఈ ఆళ్లగడ్డ గిటారే సూడు. ముందు పరీక్ష చేసినా. పరీక్షంటే ఏమనుకున్యావ్? పలక వంకర సూసే వడ్రంగోని మాదిరి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి మెడ పొడుగునా సూడాల. ఎనక్కి వంగింది. తీగను మొదటి మెట్టు కాడా, ఆఖరి మెట్టు కాడా అదిమితే మధ్యలో తీగకూ మెట్లకూ సందే లేదు. అందుకే జర్రు! మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటాది, దాని మర పావు తిప్పు వదులు చేసి ఆగాల. కట్టె ఊపిరి తీసుకోవాల. బిరబిరా తిప్పితే పనికిరాదు."

శాంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాయన కూడా అట్లాగే ఒక కన్ను మూసి చూసేవాడు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? తీగలు తుప్పు. ఆరింటికి ఆరూ తుప్పే!"

ఆమె చేతిలో గ్లాసు ఆగిపోయింది. నాయన గిటారుకు ఉండేవి నాలుగు తీగలు.

"అంత లావు తీగలు యాడ దొరుకుతాయి? ఆత్మకూరు పోయి, అడివిలో టేకు మొద్దులు లాగే ఇనుప తాడు తెచ్చి, ఆరు పాయలుగా చీల్చినా."

"చేత్తోనేనా అన్నా?" అన్నాడు లారీ డ్రైవరు ఇమ్మానుయేలు.

"పండ్లతో! ఇంగ బిగించాల కదా. మనిషి చేతికి లొంగుతాదా అది? గిటారును రాతి కంబానికి కట్టి, తీగ కొస బనగానపల్లె బస్సు ఎనక ముడేసినా. డ్రైవరు ఫస్టు గేరేసె. శ్రుతి ఎక్కల్యా. సెకండు గేరేసె. ఎక్కల్యా. ప్యాసింజర్లంతా దిగి తోస్తే, పాణ్యం కాడ కుదిరె!"

"తీగ తెగల్యా?" అన్నాడు మళ్ళీ ఇమ్మానుయేలు.

"నేను కట్టిన తీగ తెగుతాదా? మీటినా సూడు, ఒక్క మీటు! బనగానపల్లె తోటల్లో మామిడి పిందెలన్నీ రాలె. అయ్యో పాపమని రెండో తీగ మీటితే, రాలినవన్నీ పడిన కాడనే పండె! నందికొట్కూరు అవతల కృష్ణలో చేపలు వల ఏయకనే పడవల్లోకి దూకె! ఇంత చేస్తే ఒక్కడన్నా నా పేరెత్తినాడా? యెవడిదో కట్టెలు కొట్టే చెయ్యి వాయించి నాశనం చేసింటే, పానం పోసింది నేనప్పా!"

కోపంగా మూట మీద చరిచాడు. మూట పొర్లింది. శాంతమ్మ కళ్ళబడింది కుట్టు. నీలం దారం అయిపోయి, చివరి జానెడూ పసుపు దారంతో తాను ముగించిన కుట్టు. పండ్లతో కొరికిన ముడి కూడా అట్లాగే ఉంది.

"ఆనందన్నా, ఈ మూట ఎవురు కుట్టిరి?"

"నేనే, పనయినాక. నువ్వెవురమ్మా?"

"ఆ కట్టెలు కొట్టే చేతికి బిడ్డని."

రామయ్య టీ వడగట్టడం ఆపేశాడు.

"నాకు నీలం దారం ఈడికి అయిపోయింది. నీకూ సరిగ్గా ఈడికే అయిపోయెనా?"

ఆనందరావు మూటవైపు చూశాడు. తర్వాత ఛాతీ విరిచాడు. "అదే తల్లీ నా పనితనం! కుట్టు విప్పకుండానే, బయటనుంచే..."

ఇమ్మానుయేలుకు టీ ముక్కుల్లోకి పోయింది. శాంతమ్మ సంచిలోంచి దబ్బనం తీసి కుట్లు పటపటా తెంపి చీర లాగేసింది. అందరూ ముందుకు వంగారు. రామయ్య వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"నాలుగే ఉండాయే! కడమ రెండూ పాణ్యంలోనే ఉండిపాయనా ఆనందప్పా?"

బెంచీ అంతా నవ్వింది. శాంతమ్మ నవ్వలేదు.

"నీకు తెలీదనుకుంటే ఇంత మంట ఉండదన్నా. నువ్వు మొదట చెప్పిన పద్ధతంతా నిజమే, మా నాయనా అట్లాగే సూసేటోడు. తెలిసీ నెల దినాలు దీన్ని దిండు మాదిరి పెట్టుకుంటివే! ఎల్లుండి ఇది జర్రుమంటే మా పెద్దలు జన్మలో నన్ను వాయించనీరు. నాకు ఆరొద్దు. ఉండే నాలుగూ సరిచెయ్యి. ఈడనే. ఇప్పుడే."

ఆనందరావు తల దించుకున్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. గిటారు ఎత్తి, ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూశాడు. మర పావు తిప్పి ఆగాడు. కట్టె ఊపిరి తీసుకునేదాకా అంగడి మొత్తం ఊపిరి బిగబట్టింది. అంతసేపు నోరు మూసుకోవడం అతనికి అలవాటు లేదు.

"ఇట్లాంటిదే ఒకసారి మద్రాసులో..." అని మొదలుపెట్టాడు.

శాంతమ్మ దబ్బనం ఎత్తి అతని నోటివైపు చూపించింది.

"పసుపు దారం ఇంగా మిగిలుండాదన్నా."